మైనం మూతల సిర్కా

మలాయర్
షహ్రీవర్ 31, 1349 (సెప్టెంబరు 22, 1970)

యూనివర్సిటీలో రసాయనాలు చదివి, అక్క నేలమాళిగలో ఈగలు లెక్కపెట్టి వెళ్ళిన తమ్ముడు కియూమర్స్‌కి,

నువ్వు టెహ్రాన్ చేరావని నీ కార్డు వల్ల తెలిసింది. బస్సులో పక్కసీటు ఆయన ఒళ్ళో కోడిని పెట్టుకున్నాడని నాలుగు లైన్లు రాశావు. అక్క ఎలా ఉందని ఒక్క లైను రాయలేదు. కోడి క్షేమమే అయి ఉంటుంది.

నేనూ క్షేమమే. నువ్వు మూతలు బిగించిన పన్నెండు జాడీలు మాత్రం పగలూ రాత్రీ గుడగుడమంటున్నాయి. ప్రతి మూతకీ ఒక రబ్బరు గొట్టం, గొట్టం చివర నీళ్ళ గిన్నె, మూత చుట్టూ కొవ్వొత్తి మైనం. నేలమాళిగలోకి దిగితే పన్నెండుమంది ముసలాళ్ళు కూర్చుని హుక్కా తాగుతున్నట్టుంది. పక్కింటి బతూల్ మెట్ల మీద నిలబడి విని, మీ ఇంట్లో మగవాళ్ళెవరో దిగినట్టున్నారే అంది. మా తమ్ముడి చదువు దిగింది అన్నాను.

ముప్ఫై ఏళ్ళ పాటు అమ్మ, ఆ తర్వాత పదేళ్ళుగా నేను, ద్రాక్షపళ్ళు నలిపి జాడీలో పోసి, మూతికి పాత గుడ్డ కట్టి వదిలేశాం. రెండు చిల్లాలు, అంటే రెండు నలభైలు, ఎనభై రోజులు తిరిగేసరికి మీ పట్నంవాళ్ళు వెనిగర్ అనే సిర్కా అయ్యేది. ఎందుకవుతుందని అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. నువ్వొచ్చి గుడ్డ మీద వాలిన చిన్న ఈగలు చూసి మొహం చిట్లించావు. "అక్కా, ఇది అపరిశుభ్రం. గాలిలో క్రిములుంటాయి" అని నాకు పాఠం చెప్పావు. తాతకు దగ్గులు నేర్పినట్టు మలాయర్‌లో సిర్కా చెయ్యడం నేర్పావు. మా తమ్ముడు రంగుల మిల్లులో లాబొరేటరీ ఆఫీసరని వీధంతా చెప్పుకున్న నోటితో కాదనలేక ఊరుకున్నాను.

ఒక్క సంగతి మరిచిపోకు. ఊరగాయల వ్యాపారి హాజీ యదుల్లా ఇంకో ఎనభై రోజులకి, ఆజర్ 20న వస్తాడు. జాడీ జాడీకీ చెంచాతో రుచి చూసి బండి ఎక్కించుకుపోతాడు. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ బండి వల్లే మొగుడు పోయిన ఆరేళ్ళుగా నేను నా ఇంట్లో నా తలుపు వేసుకుని పడుకుంటున్నాను. ఆ బండి ఖాళీగా వెళ్తే బురూజెర్ద్‌లో మా బావగారింటికి పోవాలి. ఆయన భార్య నాకోసం ఒక గది మూల ఖాళీ చేసి ఉంచిందట. ఆ మూలలోనే ఉతకాల్సిన బట్టల కుప్ప కూడా ఉందట.

వేళకి తిను. నీ లాబొరేటరీ చేతులు కడుక్కుని తిను.

అపరిశుభ్రమైన నీ అక్క,
మహ్‌లఖా


టెహ్రాన్
మెహర్ 10

నాలుకతో ద్రాక్షని కూడా పులియబెట్టగల అక్కయ్యకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఎలా ఉన్నావని అడగకపోవడం తప్పే. ఎలా ఉన్నావు? చూశావా, అడిగేశాను.

గుడగుడ శుభసూచకం. పండులో చక్కెర కరిగి లోపల గాలి పుడుతోంది, గొట్టంలోంచి బయటికి పోతోంది. బయట గాలి మాత్రం లోపలికి రాదు. నేను చేసిన ఏర్పాటు అదీ. మా మిల్లులో పెద్ద ఇంజనీరుకి బొమ్మ గీసి చూపిస్తే చాలా మెచ్చుకున్నాడు. ఆయన ఆర్మీనియావాడు. ఎందుకో చాలాసేపు నవ్వుకున్నాడు కూడా.

అక్కా, నీ సిర్కాలో ఏముందో ఎప్పుడైనా ఆలోచించావా? నూటికి ఐదు పాళ్ళు ఎసిటిక్ ఆమ్లం. మిగతాది నీళ్ళు, కాస్త రంగు, కాస్త మలాయర్ గర్వం. ఆ ఐదు పాళ్ళే ముక్కుని పొడుస్తాయి, పచ్చళ్ళని కాపాడతాయి, టీ నీళ్ళు కాగే సమోవర్ అడుగున పట్టిన తెల్లటి సున్నాన్ని నురగలు కక్కిస్తాయి. నీళ్ళు కలవని అచ్చమైన ఆమ్లం మా దగ్గర గాజుసీసాలో ఉంది. చలికాలం పొద్దున్నే చూస్తే గడ్డకట్టి ఉంటుంది, పొయ్యి దగ్గర పెడితే కరుగుతుంది. చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. అందులో కొంచెం ఊలు రంగు తొట్టిలో పోస్తాం, ఎర్ర రంగు ఊలుని పట్టుకుని ఇక వదలదు. ఇంత శక్తిగల పదార్థాన్ని నువ్వు పాత లంగా గుడ్డ కట్టి ఈగల మధ్య తయారు చేస్తున్నావు. తమ్ముడిగా నేను చూస్తూ ఊరుకోగలనా?

నలభై రోజులు మూత తియ్యకు. తీస్తే నా పూచీ లేదు.

బురూజెర్ద్ సంగతి ఎత్తకు. హాజీ ఈసారి నీ సిర్కా రుచి చూసి మాట పడిపోయి నిలబడతాడు. నువ్వే చూస్తావు.

నీ తమ్ముడు,
కియూమర్స్


మలాయర్
ఆబాన్ 8

తొంభై ఐదు పాళ్ళు నీళ్ళు అమ్ముకుని బతుకుతున్న అక్క, తమ్ముడికి రాసేది,

ఆ లెక్క హాజీకి మాత్రం చెప్పకు. మనుషుల్లోనూ అంతేనేమో మరి. నీలో చదువు ఐదు పాళ్ళు ఉంటుంది, తక్కినదేమిటో అమ్మకే తెలియాలి.

నలభై రోజులయ్యాయి. మొదటి జాడీ మైనం గీకి మూత తీశాను. వాసన ముక్కుని పొడవలేదు. తియ్యగా, బరువుగా వచ్చింది. చెంచాడు నాలుక మీద వేసుకున్నాను. పులుపు లేదు. రెండో జాడీ అంతే, పన్నెండోదీ అంతే. నువ్వు చెప్పినట్టే గాలి తగలకుండా మళ్ళీ మూతపెట్టి మైనం వేశాను.

సమోవర్ అడుగున పోసి చూశాను. ప్రతి ఏడూ సిర్కా పడగానే ఆ సున్నం బుసబుసమని పొంగేది. ఈసారి మర్యాద కోసమన్నట్టు నాలుగు బుడగలు వదిలి ఊరుకుంది. ఒక కోడిగుడ్డు వేసి ఉంచాను. సిర్కాలో గుడ్డు రెండ్రోజుల్లో పెంకు కరిగి మెత్తబడాలి కదా. ఇది పెళ్ళిచూపుల్లో పిల్లలా కదలకుండా కూర్చుంది.

అయినా అడిగినవాళ్ళకి లేదనలేకపోయాను. బతూల్ కొడుక్కి జ్వరమొస్తే తడిగుడ్డ వెయ్యడానికి ఒక గిన్నెడు పట్టుకెళ్ళింది. జ్వరం తగ్గింది. కానీ సాయంత్రం మొగుడొచ్చి గదిలో వాసన చూసి, ఇంట్లోకి ఎవరొచ్చారని అడిగాడట. హాజీ తల్లికి దగ్గుగా ఉంటే తేనె కలిపిన గిన్నె పంపాను, పాలకూరలాంటి ఆ కాహు ఆకులు ముంచుకుని తినమని. ఎనభై రెండేళ్ళ ముసలావిడ ఆకులన్నీ తినేసి, గిన్నె ఎత్తి తాగేసి, తన పెళ్ళినాటి పాటలు పాడిందట. ఇంత బాగా ఎప్పుడూ నిద్రపోలేదంటూ మర్నాడు మళ్ళీ గిన్నె పంపింది. ఆ గిన్నె తెచ్చింది స్వయంగా హాజీయే. జాడీ దగ్గర వేలు ముంచి నాకాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎలా ఉంది హాజీ గారూ అంటే, "ఇంకా... లేతగా ఉందమ్మా" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

లేత అంటే ఏమిటి? ముదరడానికి ఎన్ని రోజులు పడుతుంది? చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు.

మహ్‌లఖా


టెహ్రాన్
ఆబాన్ 16

అక్కా,

కంగారుపడకు. ప్రతి ప్రయోగంలోనూ ఇలాంటి చిన్న ఆలస్యాలు ఉంటాయి. ఈ ఏడు మీ ద్రాక్షలో చక్కెర ఎక్కువై ఉండాలి. లేదా నేలమాళిగ చల్లగా ఉండాలి. లేదా నువ్వు మూత తీసి చూడటం వల్ల అయి ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటీ నావల్ల కాదు.

ఈ కవరులో నీలిరంగు కాగితం ముక్కలు పెట్టాను. లిట్మస్ కాగితాలంటారు. జాడీలో ముంచు. ఎర్రబడితే ఆమ్లం ఉన్నట్టే. గుడ్డుని నమ్మకు, కోళ్ళకి రసాయనశాస్త్రం రాదు.

గుడ్డ కట్టే ఆలోచన మాత్రం వద్దు. ఇప్పుడు గాలి తగిలితే పన్నెండూ పాడైపోతాయి.

ఒక్క విషయం, పరీక్ష కోసమే అడుగుతున్నాను. మింగాక గొంతు వెచ్చబడుతుందా? తర్వాత కాస్త తలలో తేలికగా ఉంటుందా? ఊరికే అడిగాను. రాయకపోయినా ఫరవాలేదు.

మిల్లులో పని ఎక్కువగా ఉంది. అందుకే ఉత్తరం పొట్టిగా ఉంది.

కియూమర్స్


మలాయర్
ఆబాన్ 26

మిల్లులో పని ఎక్కువైన తమ్ముడికి,

నీ కాగితాలు ముంచాను. పన్నెండూ ఎర్రబడ్డాయి. నీ కాగితం ఆమ్లమంటోంది, నా నాలుక కాదంటోంది. కాగితం యూనివర్సిటీకి వెళ్ళింది కాబట్టి దాని మాటే విని మైనం ఇంకో పొర వేశాను.

నీ ప్రశ్నకి జవాబు. అవును, గొంతు వెచ్చబడింది. తలలో తేలికగా కూడా ఉంది. కానీ బాబూ, సిర్కా మింగితే గొంతు వెచ్చబడుతుందా అని ఏ పుస్తకంలో రాశారు? నేను రాయకుండానే నీకు ఆ ప్రశ్న ఎలా తట్టింది? నేనూ ఊరికే అడిగాను. రాయకపోయినా ఫరవాలేదు.

ఈలోగా మా ఊరి వింతలు విను. బడిపంతులు షకూరీ, బ్రహ్మచారి, జన్మలో కాయగూర కొని ఎరగనివాడు, ఈ వారంలో మూడుసార్లు సీసా పట్టుకొచ్చాడు. సలాడు చేసుకుంటాడట. రుచి ఎలా ఉందంటే ఆకాశం వైపు చూసి, "చరిత్ర ఉంది" అన్నాడు. బతూల్ మొగుడు వచ్చి, ఇంట్లో కిటికీ అద్దాలు తుడవడానికి కావాలన్నాడు. ఇచ్చాను. వాళ్ళింట్లో అద్దాలున్న కిటికీ ఒక్కటే ఉంది, అదీ పగిలింది. దర్జీ వచ్చి తన భార్య జుట్టు కడుక్కుంటుందన్నాడు. ఆవిడ పుట్టింటికి వెళ్ళి నెలైంది.

నాకు కావలసింది ఒక్కటే మాట, ఇదేమిటి అని. ప్రతివాణ్ణీ అడిగాను. పులుపుందా? "ఉంది, లోపల ఉంది." సిర్కాయేనా? "కాక మరేమిటమ్మా." అందరూ తేలు కుట్టిన దొంగల్లా నా మొహం చూడకుండా సీసా చంకలో పెట్టుకుని పోతున్నారు.

చలి మొదలైంది. హాజీ రావడానికి ఇరవై నాలుగు రోజులుంది. ఆజర్ 12 వరకు చూస్తాను. అప్పటికీ పులుపు రాకపోతే పన్నెండు జాడీలూ వీధి కాలవలో పోసేసి, జాడీలు కడిగి బోర్లించి, మా బావగారికి కబురు పెడతాను. హాజీ వచ్చి నా జాడీల ముందు మాట మింగుతూ నిలబడితే చూడలేను. ఊళ్ళో నన్ను వితంతువు మహ్‌లఖా అనరు, సిర్కా మహ్‌లఖా అంటారు. ఆ పేరు పోయాక మిగిలేది మొదటిదే.

నీకేమైనా తెలిస్తే రాయి. తెలియకపోతే తెలియదని రాయి. మళ్ళీ చక్కెర మీదా చలి మీదా కోళ్ళ మీదా నెట్టకు.

అక్క


టెహ్రాన్
ఆజర్ 3

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మొదటి మూడూ చాలా తెలివిగా ఉన్నాయి, చించేశాను.

కాలవలో పొయ్యకు. అది ద్రాక్షసారా. మంచి సారా కూడా అయి ఉంటుంది, షకూరీ మాస్టారు మూడుసార్లు వచ్చాడంటే.

తప్పంతా నాది. ద్రాక్షరసం ముందు సారా అవుతుంది, ఆ సారాకి గాలి తగిలితేనే సిర్కా అవుతుంది. సారాని ఆమ్లంగా మార్చే క్రిములు గాలి పీల్చి బతుకుతాయి. నేను దేన్ని అపరిశుభ్రం అన్నానో అదే నీ పనివాళ్ళు. అమ్మ గుడ్డ కట్టింది గాలి లోపలికి పోవడానికే. నేను గాలి బయటికి మాత్రమే పోయేలా గొట్టం పెట్టాను. మా ఆర్మీనియా ఇంజనీరు ఎందుకు నవ్వాడో మొన్న నేను అడిగితే చెప్పాడు: "మా తాత కూడా ఇలాగే పెట్టేవాడు. కానీ ఆయన తన జాడీలో ఏముందో తెలిసే పెట్టేవాడు." లిట్మస్ కాగితం ద్రాక్షరసంలో ముంచినా ఎర్రబడుతుంది, పండులోనే పులుపుంటుంది కదా. మొదటి ఏడాది కుర్రాడికి తెలిసే సంగతి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే.

కాబట్టి ఈ ఉత్తరం చదవడం ఆపి కిందికి వెళ్ళు. మైనం అంతా పగలగొట్టు. గొట్టాలు పారెయ్యి. ప్రతి జాడీలోంచి కొంచెం తీసి వేరే గిన్నెల్లో పోసి, పైన గాలి ఆడేలా ఖాళీ ఉంచు. నిరుటి సిర్కా అడుగున జెల్లీలా ముద్ద ఉంటుందే, నువ్వు సిర్కా బిడ్డ అంటావు, దాన్ని ముక్కలు చేసి జాడీకొకటి పైన తేలేలా వెయ్యి. గుడ్డ కట్టు. జాడీలన్నీ పైకి తెచ్చి కుర్సీ చుట్టూ పెట్టు, బల్ల మీది దుప్పటి కింద కుంపటి బొగ్గుల వేడి తగలాలి. ఈగలు వస్తే రానీ. వాటికి నా క్షమాపణలు చెప్పు.

ఇరవయ్యో తేదీకి అవుతుందో లేదో నాకు తెలియదు. తెలియదని రాయమన్నావు, రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. నువ్వు అడిగావు, ఆ ప్రశ్న నాకెలా తట్టిందని. నీ ఆబాన్ 8 ఉత్తరం చదవగానే నాకు అర్థమైంది. తియ్యగా బరువుగా వాసన వచ్చిందని రాశావు, ఆ ముక్క దగ్గరే అర్థమైంది. మూడు వారాలు దాచాను. అది సారా అని రాస్తే, సారా వాసన నీకెలా తెలుసు అని అడుగుతావు. గురువారం సాయంత్రాలు మిల్లు స్నేహితులతో వెళ్తాను. రెండేళ్ళయింది. అమ్మ మంచం పక్కన, నాన్నలా కానని ఆమె చెయ్యి పట్టుకుని ఒట్టు వేసింది నేనే. నువ్వు ఆ గదిలోనే, తలుపు పక్కన నిలబడి ఏడ్చావు.

నాన్న మన ద్రాక్షతోటని వరస తర్వాత వరస అమ్మి తాగేశాడు. నేను నీ పన్నెండు జాడీలు పోగొట్టడానికి కూడా సిద్ధపడ్డాను, నా పేరు పోకుండా ఉండటానికి. రాసి చూసుకుంటే నాకే అసహ్యం వేసింది.

తిట్టు. కానీ ముందు మైనం పగలగొట్టు.

కియూమర్స్


మలాయర్
ఆజర్ 22

కియూమర్స్‌కి,

నీ ఉత్తరం ఎనిమిదో తేదీ మధ్యాహ్నం వచ్చింది. నిలబడే చదివాను, చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగాను. మైనం పగలగొట్టడానికి మాంసం దంచే రోకలి వాడాను. ఒక్కో మూత మీదా కొట్టేటప్పుడు నీ తల అనుకున్నాను. అందుకే పని తొందరగా అయింది.

పన్నెండు జాడీలు ఒక్కదాన్నే పైకి ఎత్తలేక బతూల్‌ని, ఆవిడ మొగుణ్ణి పిలిచాను. ఏం చేస్తున్నావని వాళ్ళు అడగలేదు. ఈ నెలలో మా వీధిలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. ఇప్పుడు నా కుర్సీ చుట్టూ, దుప్పటి అంచుల కింద, నా కాళ్ళకి బదులు జాడీలు వెచ్చగా కూర్చున్నాయి. నేను గోడవైపు వణుకుతున్నాను.

పులుపు పట్టిందో లేదో చూడాలంటే రోజూ రుచి చూడాలి. రోజుకి పన్నెండు చెంచాలు. రెండ్రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు సాయంత్రం నాకు నాన్న మీద కోపం పోయింది. పొద్దున్నే తలనొప్పితో పాటు అదీ తిరిగొచ్చింది. ఆ తర్వాత నుంచి నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తున్నాను.

ఇక ఇరవయ్యో తేదీ. హాజీ బండితో, ఇద్దరు హమాలీలతో వచ్చాడు. మామూలుగా అయితే వస్తూనే చెంచా అడుగుతాడు. ఈసారి వాతావరణం గురించి, హమదాన్ రోడ్డు మీద మంచు గురించి, తన తల్లి ఆరోగ్యం గురించి చెప్పాడు. ఆవిడకి దగ్గు పూర్తిగా పోయిందట, అయినా మందు మానడానికి ఒప్పుకోవడం లేదట. చివరికి చెంచా తీసుకున్నాడు. మొదటి జాడీలో పులుపు మొదలైంది, సగం దారిలో ఉంది. నాలుగోది కాస్త నయం. తక్కినవన్నీ ఇంకా నీ పనితనమే. హాజీ ఒక్కొక్కటి మింగుతూ మింగలేక కక్కలేక నా వైపు చూస్తున్నాడు. ఏడో జాడీ దగ్గర ఆగి, "ఈ ఏడు పంట..." అన్నాడు.

ఆయన ఇంకో అబద్ధం వెతుక్కుంటున్నాడు. నాకు కావలసింది కూడా అదే. లేతగా ఉంది అంటే చాలు, నేను తల ఊపితే చాలు, ఇద్దరం మర్యాదగా మోసపోయి ఊరుకోవచ్చు. నీ ఉత్తరం నా జాకెట్టులో ఉంది. చెప్పేశాను.

"హాజీ గారూ, ఇది సారా. మా తమ్ముడు గాలి తగలకుండా మూతలు వేశాడు. వాడే రాసి చెప్పాడు."

హమాలీలిద్దరూ గోడవైపు తిరిగారు. హాజీ చెంచా కింద పెట్టి, గడ్డం తుడుచుకున్నాడు. ఆయన ఆ మాట విన్నాడు, ఇక విననట్టు ఉండటానికి లేదు. విన్నాక కొంటే ఆయన పేరు పోతుంది, వదిలేస్తే నేను పోతాను.

"సిర్కా అవడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

ఒక చిల్లా అన్నాను.

"సిర్కా అయ్యాక అది సిర్కాయే. ముందు ఏమిటన్నది ఎవరూ అడగరు, ధర్మం కూడా అడగదు" అన్నాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, "అయితే నేను ఇవాళ రాలేదమ్మా. దేయ్ నెల ఆఖరున వస్తాను" అన్నాడు. బండి ఖాళీగా తిరిగింది. హమాలీలతో, దారి తప్పి ఈ వీధిలోకి వచ్చామని చెప్పడం నాకు వినిపించింది. ఇరవై ఏళ్ళుగా వస్తున్న వీధి.

కాబట్టి బురూజెర్ద్ మూల ఇంకో నలభై రోజులు ఖాళీగానే ఉంటుంది. తర్వాత సంగతి తెలియదు.

నీ రెండో సంగతికి జవాబు ఈ ఉత్తరంలో రాయను. చేతులు చల్లగా ఉన్నాయి, కోపంగా కూడా ఉన్నాయి.

అక్క


టెహ్రాన్
దేయ్ 6

అక్కా,

హాజీ రానందుకు ఆయనకి నా కృతజ్ఞతలు. ఎప్పుడైనా కలిస్తే ఆయన్ని నేనూ చూడనట్టే ఉంటాను.

నీ జవాబు కోసం చూస్తున్నాను. కోపంగా ఉన్న చేతులతో రాసినా ఫరవాలేదు. గత రెండు గురువారాలు గదిలోనే కూర్చున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మూడో గురువారం సంగతి నాకే తెలియదు కాబట్టి, తెలిసినంతవరకు చెప్తున్నాను.

ఇస్ఫంద్ ఆఖరుకి సెలవు దొరుకుతుంది. కొత్త సంవత్సరం పండక్కి, నౌరూజ్‌కి రానా? వస్తే అమ్మ సమాధి దగ్గర, నీ ముందు మళ్ళీ ఒట్టు వేస్తాను. ఈసారి నిలబెట్టుకుంటాను. నీకు ఇష్టమైతేనే.

కియూమర్స్


మలాయర్
బహ్మన్ 2

తమ్ముడు కియూమర్స్‌కి,

హాజీ మొన్న వచ్చాడు, ఈ ఏడు మొదటిసారి వచ్చినట్టు గుమ్మం దగ్గర అందరి క్షేమమూ అడిగి వచ్చాడు. మొదటి జాడీలో చెంచా ముంచి నోట్లో పెట్టుకోగానే ఒక కన్ను మూసుకుపోయింది, దగ్గొచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్నెండుకి పన్నెండూ అంతే. చివరి జాడీ దగ్గర, "నీ సిర్కా నీ నోటంత ఉందమ్మా" అన్నాడు. ఈ ఇంట్లో నాకెవరూ ఇంతకంటే మంచి మాట అనలేదు. బండి నిండుగా వెళ్ళింది. నేను తలుపు వేసుకుని, కుర్సీలో నా కాళ్ళు పెట్టుకుని, కాసేపు ఏడ్చాను.

అంతా సుఖాంతం కాదు. హాజీ తల్లికి ఇప్పటి సిర్కా పంపితే గిన్నె తిప్పి పంపింది, ఈ మహ్‌లఖాకి పనితనం పోయిందని. షకూరీ మాస్టారు సలాడు మానేశాడు.

ఇక నీ సంగతి. నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. ఆబాన్‌లో మొదటి జాడీ మూత తియ్యగానే నాకు తెలిసిపోయింది. ఆ వాసన మరిచిపోవడం నా వల్ల అవుతుందా? నాన్న తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టే అనిపించింది. అయినా వీధిలో ప్రతివాణ్ణీ ఇదేమిటి అని అడిగాను, నీకు రాశాను, ఎవరో ఒకరు ఆ మాట అనాలని. నేను అనలేకపోయాను. అన్నదాని ఇంటికి ఆ పేరు అంటుకుంటుందని భయపడ్డాను. ఊళ్ళో అందరూ అందుకే అనలేదు. వాళ్ళు రుచి తెలిసి అనలేదు, నేను వాసన తెలిసి అనలేదు. తేడా అంతే. గుమ్మడికాయ దొంగ అని ఎవరూ అనకముందే అందరం భుజాలు తడుముకుంటూ కూర్చున్నాం. నువ్వొక్కడివే రాశావు. మూడు వారాలు ఆలస్యంగా రాశావు, అయినా రాశావు. నాన్న పాతికేళ్ళు తాగి ఒక్కరోజు కూడా తాగానని అమ్మకి చెప్పలేదు. అమ్మ చొక్కాలు ఉతికేటప్పుడు తెలుసుకునేది.

నౌరూజ్‌కి రా. పండగ బల్ల మీద పెట్టడానికి సిర్కా ఉంది, నువ్వు కూర్చోవడానికి చోటుంది.

ఒట్టు మాత్రం వెయ్యొద్దు, నేను వేయించుకోను. అమ్మ దగ్గర ఒకటి వేశావు, రెండేళ్ళు దాని వెనకే దాక్కున్నావు. గాలి ఆడకుండా బిగిస్తే ఏమవుతుందో ఈ ఏడు ఇద్దరం చూశాం. తాగని గురువారం తాగలేదని రాయి. తాగిన గురువారం తాగానని రాయి. తిడతాను. తిట్టించుకుని మళ్ళీ వారం మళ్ళీ రాయి.

నీ అక్క,
మహ్‌లఖా